తాళములో ఉంచిన ఔషధము

గసగసాలు ఎరుగని వంటిల్లు తెలుగునాట అరుదు. కూరలోనికి నూరుటకును, పాయసములోనికి వేయుటకును వాడెడి ఆ సన్నని గింజలు పండు కాయనుండియే నల్లమందు కూడ వచ్చును. కాయ పచ్చిగా ఉన్నప్పుడు దానిపై గాట్లు పెట్టినచో పాలు కారును. ఆ పాలు గాలికి ఆరి, నల్లబడి, బంకగా మారును. దానిని గీచి తీసినదే నల్లమందు. గింజ ఆహారము, పాలు మత్తుమందు. రెండును ఒకే కాయలో ఉన్నవి.

ఆ పాలనుండి తీసిన మందులును, వాటిని పోలునట్లు మానవుడు ప్రయోగశాలలో తయారు చేసికొనిన మందులును నొప్పిని చల్లార్చును. మోతాదు మించినచో ఊపిరిని ఆపును. వాటికి బానిసలైన వారికి చికిత్స చేయుటకు వాడెడి ప్రధానమైన మందు కూడ ఆ జాతిదే. దాని పేరు మెథడోన్. ప్రాణములను కాపాడు ఈ మందు ప్రాణములను తీయవచ్చునను భయముచే, అమెరికాలో దానిని సుమారు అర్ధశతాబ్దము పాటు చట్టమను తాళములో ఉంచిరి. 2020లో కోవిడ్ మహమ్మారి వచ్చి ఆ తాళమును కొద్ది రోజులలోనే తీయించినది. అటుపిమ్మట మరణములు పెరిగినవా? పెరిగినచో ఎవరి మరణములు? ఆ లెక్కను ఎట్లు చదువవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము కావలెనన్నచో ముందుగా ఆ తాళము ఎట్లు పడెనో తెలిసికొనవలెను.

నొప్పిని జయింపబోయి

1805 ప్రాంతమున జర్మనీలో ఫ్రెడరిక్ సెర్టర్నర్ అను యువ ఔషధకారుడు నల్లమందునుండి దాని సారమును వేరు చేసెను. గ్రీకుల స్వప్నదేవతయైన మార్ఫియస్ పేరు మీదుగా దానికి మార్ఫిన్ అను పేరు వచ్చినది. 1874లో లండనునందు ఆల్డర్ రైట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు మార్ఫిన్‌ను మార్చి మరియొక పదార్థమును చేసెను. 1898లో జర్మనీకి చెందిన బేయర్ కంపెనీ దానిని దగ్గు మందుగా విపణిలోనికి తెచ్చి, హెరాయిన్ అని పేరు పెట్టినది. దగ్గు తగ్గినమాట నిజమే. కాని కొద్ది సంవత్సరములలోనే హెరాయిన్ మార్ఫిన్ కంటెను బలముగా మనుష్యులను పట్టునని తేలినది.

1914లో అమెరికా ప్రభుత్వము హారిసన్ చట్టమును చేసెను. నల్లమందు, కొకెయిన్ల వ్యాపారమును లెక్కలలోనికి తెచ్చుట దాని పైకి కనబడు ఉద్దేశము. కాని 1919లో ఆ దేశపు సుప్రీంకోర్టు, అలవాటును నిలుపుట కొరకు మందు వ్రాసి ఇచ్చుట వైద్యము కాజాలదని తీర్పు చెప్పినది. నాటినుండి వైద్యులు ఈ రోగులను చేరదీయుటకే జంకిరి. 1935లో కెంటకీ రాష్ట్రమునందలి లెక్సింగ్టన్‌లో ప్రభుత్వము ఒక పెద్ద సంస్థను తెరచినది. అది సగము ఆసుపత్రి, సగము కారాగారము. అచ్చట మందు మాన్పించి ఇంటికి పంపినవారిలో పెక్కుమంది మరల ఆ మందుకే లోబడుచుండిరి. మందు మాన్పించుట వేరు, మానినవానిని నిలువబెట్టుట వేరు అని ఆ అనుభవము తెలిపినది.

క్రొత్త మందు జననము

ఇంతలో జర్మనీలో వేరొక అన్వేషణ సాగుచుండెను. 1930లలో హోక్స్ట్ కర్మాగారపు ప్రయోగశాలలో మాక్స్ బోక్‌మ్యూల్, గుస్తావ్ ఎర్హార్ట్ అను శాస్త్రజ్ఞులు నల్లమందుతో పనిలేకుండ నొప్పిని తగ్గించు కృత్రిమ ఔషధముల కొరకు శ్రమించిరి. ఆ దశాబ్దపు చివరి సంవత్సరములలో వారికి దొరికిన ఒక పదార్థమునకు 1941లో పేటెంటు కొరకు దరఖాస్తు చేసిరి. కాగితముపై దాని అణునిర్మాణమును గీచి చూచినచో అది మార్ఫిన్‌ను ఏమాత్రము పోలియుండదు. కాని దేహములో అది మార్ఫిన్ చేయు పనినే చేయును.

రెండవ ప్రపంచయుద్ధములో జర్మనీ ఓడిన తరువాత అచ్చటి పేటెంట్లు విజేతల పరమైనవి. 1947లో అమెరికాలోని ఎలీ లిల్లీ కంపెనీ ఈ మందును డోలోఫిన్ అను పేరుతో అమ్మ మొదలిడెను. అడాల్ఫ్ హిట్లర్ పేరునుండి ఈ పేరు వచ్చినదని ఒక కథ అమెరికా వీధులలో చాలకాలము ప్రచారములో ఉండెను. అది వట్టి కట్టుకథ. ఆ పేరును పెట్టినది యుద్ధము ముగిసిన పిమ్మట ఒక అమెరికను కంపెనీ. లాటిన్ భాషలో నొప్పికి డోలర్ అని పేరు. ఈ మందు పేరులో వినబడునది ఆ మాటయే. మందు మాన్పించునప్పుడు రోగులు పడు యాతనను తగ్గించుటకు లెక్సింగ్టన్‌లో 1940ల చివరనే దీనిని కొద్ది దినముల పాటు వాడి చూచిరి. దీర్ఘకాలము ఇచ్చినచో ఏమగునో పరీక్షింపవలెనను ఆలోచన రావుటకు మరి పదునైదు సంవత్సరములు పట్టినది.

దేహములో జరుగునది

ఈ మందులన్నియు మెదడులో ఒకే తావున పనిచేయును. నాడీకణముల పైపొరలో కొన్ని ప్రత్యేకమైన ప్రోటీనులు కలవు. తగిన ఆకారము గల అణువు వచ్చి వాటిలో ఒదిగినప్పుడు కణము తన పనిని మార్చుకొనును. వీటిని గ్రాహకములందురు. నల్లమందు జాతికి చెందిన గ్రాహకములు ఉన్నవని 1973లో మూడు ప్రయోగశాలలవారు విడివిడిగా నిరూపించిరి. 1975లో స్కాట్లండునందు జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ అను వారు మెదడు తనంతట తాను తయారుచేసికొను అట్టి పదార్థములను కనుగొనిరి. గ్రాహకములు గసగసాల మొక్క కొరకు పుట్టినవి కావు. దేహము తన నొప్పిని తానే అదుపులో ఉంచుకొనుటకు ఏర్పరచుకొనినవి.

ఇవే గ్రాహకములు మెదడు మూలమున శ్వాసను నడపు కణములపై కూడ ఉన్నవి. మామూలుగా రక్తములో బొగ్గుపులుసు వాయువు పెరిగినచో ఆ కణములు మేలుకొని ఊపిరిని వేగపరచును. మందు మితిమీరినప్పుడు ఆ హెచ్చరిక వాటికి వినబడదు. మనిషి నిద్రలో ఉన్నట్లే ఉండును. ఊపిరి నెమ్మదించి, నెమ్మదించి ఆగిపోవును. మోతాదు మించిన మరణము అనగా ఇదియే.

నిత్యము మందు వాడువానిలో గ్రాహకములు మొద్దుబారును. క్రొత్తవానిని చంపగల మోతాదు పాతవానికి మత్తును కూడ కలిగింపదు. మందు మానిన కొద్ది వారములకే ఈ ఓర్పు తగ్గిపోవును. అందుచేతనే చికిత్స విడిచినవాడు, చెరసాలనుండి విడుదలైనవాడు తన పాత మోతాదుతోనే ప్రాణము కోల్పోవుట సంభవించుచుండును.

హెరాయిన్ ప్రభావము కొద్ది గంటలు మాత్రమే ఉండును. అది ఎక్కునప్పుడు మత్తు, దిగునప్పుడు యాతన. మెథడోన్ అట్లు కాదు. నోటితో తీసికొనిన మందు నెమ్మదిగా రక్తములో చేరి, నెమ్మదిగా పోవును. దేహములోని మందు సగమగుటకు పట్టు కాలమును అర్ధజీవిత కాలమందురు. మెథడోన్ విషయమున ఇది మనిషిని బట్టి 8 గంటలనుండి 59 గంటల వరకు మారుచుండును. ఈ నిదానమే దాని గుణము. దాని అపాయము కూడ ఇదియే.

ఒక చిన్న లెక్క చూచిన ఇది తేటపడును. ఒక రోగి దేహములో మందు 24 గంటలకు సగమగుననుకొందము. ప్రతి ఉదయము అతనికి 20 మిల్లీగ్రాములు ఇచ్చుచున్నారు. మొదటి దినమున దేహములో ఉన్నది 20. మరునాటికి అందులో 10 మిగులును. క్రొత్త మోతాదు కలసి 30. మూడవనాడు 15 మిగిలి 35. నాల్గవనాడు 37.5, అయిదవనాడు 38.75. అటుపిమ్మట 40కి చేరువై నిలుచును. ఇచ్చు మోతాదు మారలేదు. దేహములోని మందు మాత్రము రెండింతలైనది. మొదటినాడు నిరపాయమైన మోతాదు అయిదవనాడు అపాయము కావచ్చునని ఈ లెక్క చెప్పుచున్నది. చికిత్స ప్రారంభమైన తొలి వారములలో వైద్యుడు అతి జాగ్రత్తతో ఉండుటకు కారణము ఇదియే.

న్యూయార్కు ప్రయోగము

1960లలో న్యూయార్కు నగరములో హెరాయిన్ వ్యసనము పెచ్చు పెరిగినది. రాక్‌ఫెల్లర్ సంస్థలో స్థూలకాయమును, దేహములోని కొవ్వుల నడకను పరిశోధించుచుండిన విన్సెంట్ డోల్ అను వైద్యుని దృష్టి ఈ సమస్యపైకి మళ్ళినది. మారీ నిస్వాండర్ అను మానసిక వైద్యురాలు 1956లో ప్రకటించిన గ్రంథమును ఆయన చదివెను. వ్యసనపరుడు నేరస్థుడు కాడు, రోగి అని ఆమె వాదము. ఆమె లెక్సింగ్టన్‌లో పనిచేసిన అనుభవము గలది. 1964లో వారిరువురును, మేరీ జీన్ క్రీక్ అను యువ వైద్యురాలును కలసి పరిశోధన ఆరంభించిరి.

మొదట కొందరు రోగులకు మార్ఫిన్ ఇచ్చి చూచిరి. వారికి మోతాదు పెంచుచు పోవలసి వచ్చెను. మందు పుచ్చుకొని కూర్చుండుట, తరువాతి మందు ఎప్పుడని ఎదురుచూచుట తప్ప వారికి వేరు ధ్యాస లేకపోయెను. తరువాత వారినే మెథడోన్‌కు మార్చిరి. మోతాదు ఒకచోట స్థిరపడినది. కొంతకాలమునకు ఆ రోగులు చదువుకొందుమని, పనిచేయుదుమని అడుగసాగిరి. మందు కొరకు ఎదురుచూచుట అను పని వారి దినచర్యనుండి తొలగిపోవుటయే పరిశోధకులకు కనబడిన గొప్ప మార్పు. 1965 ఆగస్టులో డోల్, నిస్వాండర్లు 22 మంది రోగుల చికిత్సా ఫలితములను అమెరికను వైద్య సంఘపు పత్రికలో ప్రకటించిరి. మధుమేహ రోగికి ఇన్సులిన్ ఎట్టిదో ఈ రోగికి మెథడోన్ అట్టిదని డోల్ భావించెను. చట్టమును మీరుచున్నావని మాదకద్రవ్య నిరోధక శాఖ అధికారులు ఆయనను హెచ్చరించిరి. ఆయన వెనుదీయలేదు.

తాళము పడుట

ఫలితములు బాగుండుటచే అమెరికా నగరములలో మెథడోన్ క్లినిక్కులు త్వరత్వరగా వెలసినవి. వాటిలో కొన్ని తగినంత శ్రద్ధ లేకుండ నడచినవి. ఇంటికి ఇచ్చిన మందు అంగడిసరకువలె చేతులు మారుట మొదలిడినది. అలవాటులేనివారు దానిని త్రాగి మరణించిరి. తియ్యని పానీయమనుకొని పిల్లలు త్రాగిన సంఘటనలును జరిగినవి. ఈ మరణములు కల్పితములు కావు. భయము అకారణము కాదు.

అందుచే 1972లో ఆహార, ఔషధ పాలక సంస్థ కఠినమైన నిబంధనలను వెలువరించెను. 1974లో ప్రత్యేక చట్టము వచ్చెను. వ్యసన చికిత్స కొరకు మెథడోన్‌ను అనుమతి పొందిన క్లినిక్కులలో మాత్రమే ఇవ్వవలెను. రోగి దాదాపు ప్రతిదినము వచ్చి నర్సు కనులయెదుట మందు త్రాగవలెను. 2001లో సవరింపబడిన నియమముల ప్రకారము కూడ, తొలి మూడు మాసములు వారమునకు ఒక మోతాదు మాత్రమే ఇంటికి ఇచ్చుటకు వీలుండెను. రెండు వారముల మందు ఒకేసారి పొందుటకు ఒక సంవత్సరము, నెల మందు పొందుటకు రెండు సంవత్సరములు చికిత్సలో నిలకడగా ఉండవలెను.

ఈ నియమముల వలన దొంగచాటు వ్యాపారము తగ్గినది. కాని వాటి వెల కూడ తక్కువ కాదు. క్లినిక్కునకు దూరముగా నివసించు రోగి నిత్యము తెల్లవారకముందే బయలుదేరవలెను. ఉద్యోగము, పిల్లల బడి, అనారోగ్యము, మంచు తుఫాను — ఏది అడ్డువచ్చినను ఆనాటి మందు పోయినట్లే. ఈ శ్రమకు ఓర్వలేక చికిత్స విడిచినవారును, అసలు చేరనివారును ఎందరో. 1995లోనే అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తునకు చెందిన వైద్యసంస్థ ఈ నిబంధనలను పరిశీలించి, వాటిని సడలించుట మంచిదని సూచించెను. ఆ సూచన చాలవరకు అమలు కాలేదు.

ఇదే కాలమున విచిత్రమైన సంగతి ఒకటి జరిగినది. వ్యసన చికిత్సకు ఇంత కఠినమైన తాళము వేసిన దేశములోనే, నొప్పి తగ్గించు మాత్రగా మెథడోన్‌ను ఏ వైద్యుడైనను వ్రాయవచ్చును. ఏ మందుల షాపులోనైనను కొనవచ్చును. చవుక మందగుటచే 1990ల చివరినుండి దాని వాడకము పెరిగినది. మెథడోన్ సంబంధమైన మోతాదు మించిన మరణములు 1999లో ఎనిమిది వందల లోపు ఉండెను. 2007 నాటికి సుమారు అయిదున్నర వేలైనవి. నొప్పి తగ్గుదల కొన్ని గంటలు మాత్రమే ఉండును. మందు దేహములో దినముల తరబడి ఉండును. నొప్పి తిరిగి వచ్చినదని రోగి మరియొక మాత్ర వేసికొనును. పైన చెప్పిన లెక్క ప్రకారము లోపల మందు పోగుపడును. 2009లో అమెరికాలో వ్రాసిన ఈ జాతి నొప్పి మందుల చీట్లలో మెథడోన్ నూటికి రెండు మాత్రమే. ఆ మందుల వలని మరణములలో మాత్రము దాని పాలు నూటికి ముప్పదికి పైన. వైద్యులు జాగరూకులైన తరువాత ఈ సంఖ్య తగ్గినది. తాళమున్న ద్వారమునుండి కాక, తెరచియున్న మరియొక ద్వారమునుండి మృత్యువు వచ్చినది.

మహమ్మారి తీసిన తాళము

2020 మార్చి వచ్చినది. అమెరికాలో అప్పటికి నాలుగు లక్షలకు పైబడిన రోగులు మెథడోన్ క్లినిక్కుల చికిత్సలో ఉండిరి. వారిలో ఎక్కువమంది దాదాపు నిత్యము వరుసలలో నిలబడి మందు పుచ్చుకొనువారే. గుంపులు కూడరాదని ప్రభుత్వము ఆదేశించుచున్న కాలమున ఈ వరుసలు కోవిడ్ వ్యాప్తికి నెలవులగునని అందరును భయపడిరి. క్లినిక్కులను మూసినచో రోగులు వీధి హెరాయిన్‌కు మరలుదురు. తెరచినచో వ్యాధి సోకును.

మార్చి 16న చికిత్సా కార్యక్రమములను పర్యవేక్షించు కేంద్ర సంస్థ ఒక ఉత్తరువును వెలువరించెను. నిలకడగా ఉన్న రోగులకు 28 దినముల మందును, అంత నిలకడ లేకున్నను మందును భద్రముగా ఉంచుకొనగల వారికి 14 దినముల మందును ఇంటికి ఇచ్చుటకు రాష్ట్రములు అనుమతి కోరవచ్చును. రెండు సంవత్సరములు వేచియున్న తరువాత దొరకు సౌకర్యము ఒక్కసారిగా అందుబాటులోనికి వచ్చినది. కనెక్టికట్ రాష్ట్రములో 28 దినముల మందు పొందువారు అంతకుముందు వేయిమందికి ఒకరు. మార్పు తరువాత నూటికి సుమారు 17 మంది. ఏ శాస్త్రజ్ఞుడును ప్రయోగముగా చేయుటకు సాహసింపని మార్పును మహమ్మారి దేశమంతటను ఒకేసారి చేయించినది.

మరణముల లెక్క

ఆ సంవత్సరములు అమెరికాకు ఘోరమైనవి. మోతాదు మించిన మరణములు 2019లో 70,630, 2020లో 91,799, 2021లో 1,06,699. మెథడోన్ కనబడిన మరణములు కూడ 2020లో పెరిగినవి. ఇంటికి మందు ఇచ్చుటయే దీనికి కారణమని తొందరపడి నిర్ణయింప వీలున్నది. ఇచ్చటనే లెక్కను జాగ్రత్తగా చదువవలెను.

మొదటి ప్రశ్న: పెరిగినది మెథడోన్ మరణములేనా? 2022లో అమెరికా ప్రభుత్వ పరిశోధకులు 2019 జనవరినుండి 2021 ఆగస్టు వరకు గల మరణపత్రములను నెలవారీగా పరిశీలించిరి. 2020 మార్చిలో మెథడోన్ మరణములు హఠాత్తుగా పెరిగినమాట నిజమే. కాని అదే నెలలో మెథడోన్‌తో సంబంధములేని మరణములు కూడ అట్లే పెరిగినవి. అటుపిమ్మట మెథడోన్ లేని మరణములు నెలనెలకు పెరుగుచు పోగా, మెథడోన్ మరణములు పెరుగక నిలకడగా ఉన్నవి. మొత్తము మరణములలో మెథడోన్ పాలు నూటికి 4.5 నుండి 3.2కు తగ్గినది. దేశమును ముంచినది వేరొక వరద. 1960లో బెల్జియమునందు పాల్ జాన్సెన్ శస్త్రచికిత్సల కొరకు సృష్టించిన ఫెంటనిల్‌ను దొంగచాటుగా తయారుచేసి హెరాయిన్‌లో కలిపి అమ్ముచుండిరి. అది హెరాయిన్ కంటె సుమారు 50 రెట్లు బలమైనది. ఒంటరితనము, మూతపడిన వైద్యశాలలు ఈ విపత్తునకు తోడైనవి.

రెండవ ప్రశ్న: మరణించినవాని రక్తములో మెథడోన్ కనబడినచో మెథడోనే చంపినట్లా? అట్లు చెప్పుటకు వీలులేదు. అతడు క్రమముగా చికిత్స పొందుచు, ఒకనాడు ఫెంటనిల్ పుచ్చుకొని మరణించియుండవచ్చును. ఆ మెథడోన్ క్లినిక్కు ఇచ్చినదో, నొప్పికి వ్రాసిన మాత్రయో, వీధిలో కొన్నదో మరణపత్రము చెప్పదు. బుప్రెనార్ఫిన్ అను మరియొక చికిత్సా ఔషధము విషయమునను ఇట్లే జరిగినది. ఈ మందు గ్రాహకములను సగము మాత్రమే మేల్కొలుపును. కొంత మోతాదు దాటిన పిమ్మట దాని ప్రభావము అంతగా పెరుగదు. 2019 జులైనుండి 2021 జూన్ వరకు నల్లమందు జాతి మరణములలో ఇది కనబడినవి నూటికి 2.6 మాత్రమే. వాటిలోను నూటికి తొంబదికి పైగా సందర్భములలో వేరొక మందు కూడ ఉండెను.

మూడవ ప్రశ్న: అన్ని దేశములలోను ఇట్లే జరిగినదా? జరుగలేదు. ఇంగ్లండులో కూడ 2020 మార్చిలో మందుల షాపులలో కనులయెదుట త్రాగించు పద్ధతిని చాలవరకు నిలిపి, వారము, రెండు వారముల మందు ఇంటికి ఇచ్చిరి. 2019 మార్చి–జూన్ మాసములలో నమోదైన మెథడోన్ సంబంధ మరణములు 96 కాగా, 2020లో అవే మాసములలో 157. పెరుగుదల నూటికి 64. ఈ పెరుగుదల ఎక్కువగా కనబడినది వైద్యుడు మెథడోన్ వ్రాసి ఇవ్వని వారిలో. చికిత్సలో ఉన్నవారి మరణములు పూర్వపు పోకడనే అనుసరించినవి. ఒకరి కొరకు ఇచ్చిన మందు మరియొకరి చేతికి చిక్కియుండవచ్చునను అనుమానమునకు ఇది తావిచ్చుచున్నది. 1972నాటి భయము పూర్తిగా తప్పు కాదని ఇంగ్లండు అనుభవము గుర్తు చేసినది.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రములో పరిశోధకులు మరియొక మార్గము త్రొక్కిరి. వారు దేశపు మొత్తము మరణములను కాక, రోగులనే వెంబడించి చూచిరి. మహమ్మారి తొలి మాసములలో ఇంటికి ఎక్కువ మోతాదులు పొందిన రోగులు, పొందని రోగుల కంటె చికిత్సలో ఎక్కువకాలము నిలచిరి. మోతాదు మించిన ప్రమాదములు వారిలో పెరుగలేదు. కనెక్టికట్‌లో కూడ మెథడోన్ మరణములు చెప్పుకోదగినంతగా పెరుగలేదు.

రెండు త్రాసులు

ఈ కథలో ఒక త్రాసును మాత్రమే చూచుట చాలకాలము జరిగిన పొరపాటు. ఇంటికి ఇచ్చిన మందు వలన మరణించినవాడు కనబడును. అతని పేరు లెక్కలోనికి ఎక్కును. మందు అందక చికిత్స విడిచి, వీధిలో మరణించినవాడు మెథడోన్ లెక్కలో కనబడడు. అతని రక్తములో మెథడోన్ ఉండదు గదా. కఠిన నియమము వలన పోయిన ప్రాణములు నియమము ఖాతాలో వ్రాయబడవు.

2017లో స్పెయిన్ దేశపు పరిశోధకుడు లూయిస్ సోర్దో, ఆయన సహచరులు వివిధ దేశములలో మెథడోన్ చికిత్స పొందిన 1,22,885 మంది చరిత్రలను సమీకరించి ఈ రెండవ త్రాసును తూచిరి. వేయిమందిని ఒక సంవత్సరము పాటు గమనించినచో, చికిత్సలో ఉన్నకాలమున మరణములు 11.3, చికిత్స విడిచిన కాలమున 36.1. మోతాదు మించిన మరణములు మాత్రమే లెక్కించినచో చికిత్సలో 2.6, వెలుపల 12.7, అనగా దాదాపు అయిదు రెట్లు. ఈ పరిశోధన మరియొక సంగతిని కూడ దాచలేదు. మెథడోన్ ప్రారంభించిన తొలి నాలుగు వారములలో అపాయము తరువాతి కాలము కంటె ఎక్కువ. చికిత్స విడిచిన తొలి నాలుగు వారములు కూడ అట్టివే. ప్రవేశద్వారమునను, నిర్గమద్వారమునను కాపలా కావలెను; లోపలనున్నవానిని మాత్రము నిలుపుకొనవలెను.

భారతదేశమునందు ఈ చికిత్సకు ఎక్కువగా వాడునది నాలుక క్రింద ఉంచుకొను బుప్రెనార్ఫిన్. 2012లో మెథడోన్ కూడ కొన్ని కేంద్రములలో ప్రవేశించినది. 2019లో ప్రకటింపబడిన జాతీయ సర్వే ప్రకారము దేశములో సుమారు 2.26 కోట్లమంది నల్లమందు జాతి పదార్థములను వాడుచుండిరి. 2020 లాక్‌డౌన్ కాలమున ఇచ్చట కూడ చికిత్సా కేంద్రముల నియమములను సడలించి, ఇంటికి మందు ఇచ్చుటకు అవకాశము కల్పించిరి.

తాళము ఎచ్చట ఉండవలెను?

అమెరికాలో తాత్కాలికముగా ఇచ్చిన సడలింపు 2024 ఫిబ్రవరిలో శాశ్వత నియమమైనది. ఏప్రిల్ 2 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము చికిత్సలో చేరిన తొలి రెండు వారములలో 7 దినముల వరకు, పదునైదవ దినమునుండి 14 దినముల వరకు, ముప్పది యొకటవ దినమునుండి 28 దినముల వరకు మందును ఇంటికి ఇవ్వవచ్చును. ఎవరికి ఎంత ఇవ్వవలెనో రోగిని ఎరిగిన వైద్యుడు నిర్ణయించును. నిర్ణయము గడియారమునుండి వైద్యుని చేతికి మారినది.

దీనితో కలిసి నడచునది మరియొక మందు. నలాక్సోన్ అను ఔషధము గ్రాహకములలోనుండి మత్తుమందును తొలగించి తాను ఆ స్థానమును ఆక్రమించును. ఆగిన ఊపిరి కొద్ది నిమిషములలో తిరిగి వచ్చును. జాక్ ఫిష్‌మన్, మోజెస్ లెవెన్‌స్టీన్ అను వారు 1961లో దీనికి పేటెంటు కోరిరి. 1971లో అమెరికాలో అనుమతి లభించెను. ముక్కులో చిమ్ము రూపమున దానిని చీటీ లేకుండ కొనుటకు 2023లో అవకాశము కలిగినది. మెథడోన్ దేహములో దీర్ఘకాలము ఉండును. నలాక్సోన్ త్వరగా పోవును. కావున ఊపిరి తిరిగినంత మాత్రమున ఊరకుండక రోగిని ఆసుపత్రికి చేర్చవలెను.

డోల్ 1964లో ఎత్తుకొనిన పని రోగిని మనుష్యునిగా చూచుట. 1972నాటి చట్టకర్తలు ఎత్తుకొనిన పని బాటసారిని, పసిబిడ్డను కాపాడుట. ఇందులో ఏ ఒక్కటియు అనవసరము కాదు. నేడు మందు సీసాకు పిల్లలు తీయలేని మూత ఉండవలెనని నియమము కలదు. దానిని ఇంటిలో తాళపు పెట్టెలో ఉంచవలెనని రోగికి బోధించుచున్నారు. తాళము పోలేదు. క్లినిక్కు తలుపునుండి అది మందు పెట్టెకు మారినది. దాని చెవి రోగి చేతిలో ఉన్నది.